మాయ ముక్క

మైనపు దిమ్మ మీద బ్లేడు నడుస్తుంటే
రిబ్బనులా లేస్తుంది ఒక మనిషి తాలూకు పొర.
గోరువెచ్చని నీళ్ళలో వదిలితే
కాగిన పాల మీద మీగడలా పరుచుకుంటుంది.
ఊపిరి బిగబట్టాలి.
ఇరవై రెండేళ్ళుగా
తుమ్మొస్తే తలుపు దాటి వెళ్ళి తుమ్ముతున్నదాన్ని.

అడయార్‌లో ఇంకా సరిగ్గా తెల్లారలేదు.
జనరేటరు పక్కన టీ అన్న
పాలప్యాకెట్టు మూల పంటితో కొరుకుతున్నాడు.

కాగితం మీద: మునిరత్నం, ఇరవై ఏడు,
పెరంబూరులో రైలుపెట్టెల వెల్డరు.
కుడివైపు. మూడు విడతల మందుల తర్వాత మళ్ళీ.
అడుగున డాక్టరమ్మ వంకర రాత:
పీడీ-ఎల్‌వన్ చూడండి.

దిమ్మల డబ్బా నిన్న అతనే తెచ్చాడు,
టిఫిన్ క్యారియర్ సంచిలో పెట్టుకుని.
ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంటే
"ఎక్కడ నాయనా?" అన్నాను.
నా తెలుగు విని తల దించుకున్నాడు.
"అక్కడ" అన్నాడు.

అరవంలో అడిగుంటే చెప్పేవాడేమో.
పరాయి భాషలో సిగ్గు కాస్త పలచన.
మన భాషలో ఆ మాట
తిట్టులో తప్ప నోరు దాటదు.
ఏడు నెలలు "అక్కడ" అనే మాట చాటునే
గోలీకాయ నిమ్మకాయయింది.
నొప్పి లేదు గదా అని.
పెళ్ళిచూపులున్నాయి గదా అని.

చుక్కచుక్కగా యాంటీబాడీ వేసి
గడియారం చూస్తూ కూర్చుంటాను.

ప్రతి గాజుపలక చివరా ఒక సాక్షిని అతికిస్తాం,
రంగు పట్టిందో లేదో అబద్ధమాడకుండా చెప్పేదాన్ని.
మా సాక్షి, మాయ ముక్క.
ఎవరో తల్లి కాన్పయ్యాక
పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్నది.

బిడ్డంటే సగం పరాయివాడే,
తండ్రి వైపు నుంచి వచ్చినవాడు.
తల్లి నెత్తుట్లో కావలి కణాలు కర్రలెత్తుకుని వస్తే
మాయ గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డం పెడుతుంది.
"మనవాడే, వదిలెయ్యండి" అంటుంది.
ఆ చెయ్యి పేరే పీడీ-ఎల్‌వన్.
అది అడ్డం పడకపోతే
నేను లేను, టీ అన్న లేడు, మునిరత్నం లేడు.

రంగొచ్చింది.
దోసె అంచు కాలినట్టు, మాయ చుట్టూ గోధుమరంగు.
పలక జరిపాను.
కణితి చుట్టూ కూడా
అదే కాలిన అంచు.

దొంగిలించింది అనబోయాను.
కాదు. ఎప్పటికో బిడ్డలు కావలసిన కణాలే కదా,
ఆ మాట వాటికి పుట్టకముందే వచ్చు.

చుట్టూ నీలంగా తెల్లకణాల గుంపులు,
షట్టరు దించేసినా కదలని
రేషన్ షాపు ముందరి జనంలా.
లోపలికి పోవు. ఇంటికీ పోవు.

ఆ చేతిని పక్కకి తప్పించే మందుంది.
సీసా ఖరీదు అతని ఏడాది జీతం.
ఊపిరితిత్తుల్లో, చర్మంలో కొందరికి పనిచేసింది.
ఈ చోట మాత్రం పెద్దగా పలకలేదని చదివాను;
రంగు కనబడినంత మాత్రాన తలుపు తెరుచుకోదని.
డాక్టరమ్మకీ తెలుసు. అయినా చూడమంది.
నేనూ చూశాను. లెక్కపెట్టాను.
నూటికి అరవై అని రాసి
కళ్ళద్దాలు తుడుచుకుని
మళ్ళీ లెక్కపెట్టాను.

పదిన్నరకి వరండాలో అతను.
"రంగు పట్టిందా అమ్మా?"
గోడకి సున్నం సంగతి అడిగినట్టు.
పట్టిందన్నాను. మిగతాది డాక్టరమ్మ చెబుతుందన్నాను.
వెళ్ళలేదు.
సంచి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ
"తమ్ముడున్నాడు, ఇరవై. వాడికీ రావొచ్చంట.
వాడికి ఏమని చెప్పేది?"

అప్పుడన్నాను ఆ మాట.
చిన్నప్పుడు మా అమ్మ
మూతి మీద కొట్టి మాన్పించిన మాట.
"వట్టలో గడ్డ" అని చెప్పు, అన్నాను,
తెలుగులో, వరండా చివరిదాకా వినబడేలా.
టీ అన్నకి అర్థమైందో ఏమో,
పోస్తున్న చెయ్యి ఆపాడు.

మునిరత్నం నవ్వలేదు.
మెట్ల మీద కూర్చుని ఫోను తీశాడు.
"ఒరే, సిగ్గుపడక విను.
వేణ్ణీళ్ళు పోసుకునేటప్పుడు
చేత్తో నెమ్మదిగా తడిమి చూసుకో.
రెండూ."